ఆరని చుక్క

బర్ల్ ఈకిన్స్ కొట్టులో కొత్త సరుకు దిగిందంటే ఆ ఊరి మగాళ్ళకి ఇంటి పనులు గుర్తుండవు. సెప్టెంబరు చివర్లో, దుప్పి వేట ఇంకా మొదలు కాకముందే, గాజు బల్ల కింద పిస్తోళ్ళు వరసగా తయారైపోతాయి. వెనక గోడకి రైఫిళ్ళు, వాటి పక్కన దుర్భిణులు, తుపాకీకి బిగించే స్కోపులు. కొనేవాడు ఒకడైతే పట్టుకు చూసి పెట్టేసేవాళ్ళు పదిమంది. స్కోపు కంటికి ఆనించుకుని, వీధికి అవతల పెట్రోలు బంకు బోర్డు చదివి, "అబ్బ, ఏం కనపడుతోందిరా" అని ఆశ్చర్యపోతారు. ఆ బోర్డు మామూలు కళ్ళకీ కనపడుతుంది.

లైల్ బ్రెకీ ఆ కొట్టు గడప తొక్కి రెండేళ్ళయింది. అందుకే తలుపు గంట మోగి అతను లోపలికి రాగానే కబుర్లు టక్కున ఆగిపోయాయి. స్కోపులు పట్టుకున్నవాళ్ళు వాటిని మెల్లగా బల్ల మీద పెట్టేశారు. ఒకడు ఊరికే తూటాల పెట్టె మీద అక్షరాలు చదవడం మొదలుపెట్టాడు.

రెండేళ్ళ కిందట లైల్, అతని స్నేహితుడు డ్వైట్ కలిసి కొండల్లో ఒక ఎల్క్ దుప్పిని కొట్టారు. దాన్ని కోస్తుండగా గ్రిజ్లీ ఎలుగు వచ్చింది. నెత్తుటి వాసనకి అవి వస్తాయని అక్కడ చిన్నపిల్లలకీ తెలుసు. లైల్ పిస్తోలు వీపు సంచి అడుగున, మాంసం మూటల కింద ఉంది. సంచి పట్టీలు విప్పడానికి వేళ్ళు సహకరించలేదు. చివరికి కత్తి పెట్టి కోశాడు. పిస్తోలు చేతికొచ్చేసరికి ఎలుగు తన పని ముగించుకుని వెళ్ళిపోయింది. డ్వైట్ ఆసుపత్రికి తీసుకెళ్తున్న హెలికాప్టరులోనే ప్రాణం వదిలాడు. ఊళ్ళో ఒక్కరూ లైల్‌ని పల్లెత్తు మాట అనలేదు. అలా అనకపోవడమే అతన్ని లోపల్లోపల తినేసింది.

"ఏరా, దారి తప్పొచ్చావా?" అన్నాడు బర్ల్. అందరిలోకీ అతనే ముందు తేరుకున్నాడు.

"మా అమ్మాయి మారిట్ ఈ ఏడు వేటకి వెళ్తానంటోంది. నేను రాకపోతే ఒక్కతే పోతుందట."

"పోతుంది. నీ మొండితనం, మీ ఆవిడ నెడ్రా నోరు కలిపి పుట్టిన పిల్ల అది."

"అందుకే వచ్చా. గుండె మీద కట్టుకునేది కావాలి. చెయ్యి వేస్తే చేతిలోకి వచ్చెయ్యాలి. ఆలస్యం కాకూడదు, బర్ల్."

ఆ ఆఖరి మాటకి బర్ల్ ఇంకేమీ వేళాకోళం ఆడలేదు. బల్ల కిందనుంచి గుండె మీద కట్టుకునే ఒర ఒకటి, దానిలోకి ఒక నల్లటి పిస్తోలు తీశాడు. పది మిల్లీమీటర్ల తూటా, ఎలుగుల కోసమే జనం కొంటున్న రకం. దాని వీపు మీద అగ్గిపెట్టెంత గాజు కిటికీ. చూపుకి ఎదురుగా పెట్టుకుంటే ఆ గాజులో ఎర్రటి చుక్క వెలుగుతుంది. గొట్టం మీది ఇనుప మొనని, వెనక గాడిని, ఎదుటి జంతువుని ఒక గీతలోకి తెచ్చుకునే పాత తంటా ఉండదు. చుక్క ఎక్కడుంటే తూటా అక్కడికి పోతుంది.

"ఒక్కటే చెప్తా, విను," అన్నాడు బర్ల్. "చుక్కని చూడకు. జంతువుని చూడు. చుక్క దానంతటదే వచ్చి కూర్చుంటుంది. మనలాంటి ముసలాళ్ళు చేసే తప్పేంటంటే, పిస్తోలు ఎత్తగానే గాజులో చుక్క కోసం వెతుక్కుంటారు. పోయిన కళ్ళజోడు వెతుక్కున్నట్టు."

"బ్యాటరీ అయిపోతే?"

"అవదు. కదలకుండా పెడితే కాసేపటికి ఆరిపోతుంది. ఏ మాత్రం కదిలినా మళ్ళీ వెలుగుతుంది. నీ గుండె మీద ఉన్నంతసేపూ వెలుగుతూనే ఉంటుందిలే, నీ గుండె ఆగితే తప్ప."

అందరూ నవ్వారు. లైల్ కూడా నవ్వినట్టు చేశాడు.

ఆ తరవాత రోజూ లైల్ బడి బస్సు నడిపే పని ముగించుకుని ఇంటికి రాగానే పెరట్లో సాధన. మారిట్ ఒక అట్టపెట్టె మీద ఎలుగు బొమ్మ గీసింది. అట్టపెట్టెని మంచు మీద జారే పాత చెక్కబండికి కట్టి, తాడుతో పక్కనుంచి లాగేది. తాడు కంచె గుంజ చుట్టూ తిప్పడం వల్ల ఆమె అడ్డంగా పరిగెడుతుంటే ఎలుగు మాత్రం లైల్ మీదికి వచ్చేది. పశువుల డాక్టరు దగ్గర పనిచేసే పిల్ల, ఎద్దులకే బెదరదు. ఎలుగు బొమ్మకి పళ్ళికిలించే నవ్వొకటి పెట్టింది.

"నాన్నా, అది నిన్ను తినేసి మూతి కూడా తుడుచుకుంది! ఇంకా ఏం చూస్తున్నావ్?"

"చుక్క కనపళ్ళేదే."

"బర్ల్ బాబాయ్ ఏం చెప్పాడు? చుక్కని చూడొద్దన్నాడుగా!"

"చూడకపోతే ఉందో లేదో ఎలా తెలుస్తుందే?"

నిజానికి నలభై ఏళ్ళుగా ఇనుప మొనని చూసి కొట్టిన కళ్ళు అవి. ఇప్పుడు పిస్తోలు ఎత్తితే మణికట్టు ఒక వెంట్రుకవాసి పైకి లేచేది, చుక్క గాజు దాటిపోయేది, అతను గాజంతా గాలించేవాడు. గాలిస్తున్నంతసేపూ ఎదురుగా ఉన్నది ఎలుగో అట్టపెట్టో అతనికి తెలిసేది కాదు. చుక్క దొరికిన క్షణంలో మాత్రం ఠక్కున కొట్టేవాడు. దెబ్బ ఎప్పుడూ తగిలేది. అందుకే తనకి పని వచ్చేసిందనుకున్నాడు.

వేట మొదలయ్యే రోజు పొద్దున నెడ్రా ఫ్లాస్కులో కాఫీ పోసి, మొగుడి చేతికిస్తూ చెయ్యి వదల్లేదు.

"దుప్పి రాకపోయినా ఫరవాలేదు. నా పిల్లని నాకు తెచ్చి అప్పజెప్పు."

"తెస్తాను."

"ముఖం చూసి చెప్పు, లైల్."

"తెస్తానన్నాగా!" అని కసిరాడు. కసిరినందుకు కొండదాకా బాధపడ్డాడు.

మారిట్ వీపున వేసుకున్న సంచిని అతను అప్పుడు చూశాడు. అతనిదే, ఆ పాత గోధుమరంగు గుడ్డసంచి. కోసిన పట్టీలని ఆమె పసుపు దారంతో దట్టంగా కుట్టుకుంది.

"వేరే సంచి లేదూ?"

"ఇది మంచి సంచి నాన్నా. సంచి తప్పేముంది?" అంది మారిట్.

దుప్పి మధ్యాహ్నం కాకముందే దొరికింది. దేవదారుల్లాంటి ఫర్ చెట్ల అంచున మేస్తున్న మగదాన్ని మారిట్ ఒకే తూటాతో పడగొట్టింది. లైల్‌కి సంతోషం కలగలేదు. తుపాకీ చప్పుడు లోయంతా తిరిగి వస్తుంటే, అది ఎవరెవరిని భోజనానికి పిలుస్తోందోనని అతని చెవులు నిక్కబొడుచుకున్నాయి. అక్కడి పద్ధతి ప్రకారం ఒకరు కోస్తుంటే ఒకరు వీపు తిప్పి కాపలా కాశారు. కాపలా లైల్‌ది. చెయ్యి పిస్తోలు మీదే. కొమ్మ విరిగితే ఉలికిపాటు, కాకి అరిస్తే ఉలికిపాటు.

"నాన్నా, నువ్విలా ఊపిరి పీలుస్తుంటే ఎలుగు ఇంకో ఎలుగనుకుని వస్తుంది," అంది మారిట్, మోచేతులదాకా నెత్తురుతో.

మాంసం మూటల్ని పేగుల కుప్పకి దూరంగా, మిట్ట మీద ఒక చెట్టుకి వేలాడదీశారు. మొదటి మోత ఇద్దరూ కింద ఆపిన పికప్ బండి దాకా మోసి తిరిగొచ్చారు. వస్తున్న దారంతా కేకలు వేస్తూనే వచ్చారు, ఎలుగుని హఠాత్తుగా బెదరగొట్టకూడదని. ఇంక చెట్టుకున్న మూటలు, కింద పొదల్లో వదిలేసిన తల, తోలు మిగిలాయి.

"నేను తల, తోలు పట్టుకొస్తా. నువ్వు మూటలు దించి కట్టెయ్," అంది మారిట్.

"ఇద్దరం వెళ్దాం."

"పొద్దు వాలుతోంది నాన్నా. ఇక్కడ్నుంచి పిలిస్తే వినపడే దూరం. ఇదిగో స్ప్రే డబ్బా చేతిలోనే ఉంది." కారం పొగ చిమ్మే ఎలుగు స్ప్రే తీసి చూపించింది. "కేకలు వేస్తూనే ఉంటా, సరేనా? నా కేక వినపడినంతసేపూ నేనున్నట్టే."

లైల్‌కి వద్దనాలని ఉంది. రెండేళ్ళుగా అన్నిటికీ వద్దంటూనే ఉన్నాడు. అందుకే ఈసారి తలూపాడు.

ఆమె దిగువకి దిగింది. మనిషని తెలిసేందుకు వేటగాళ్ళు కోటు మీద తొడుక్కునే నారింజరంగు చొక్కాయి పొదల మధ్య కనపడి మాయమైంది. కేక మాత్రం వస్తూనే ఉంది.

"ఓయ్ ఎలుగన్నా! భోంచేశావా! ఓయ్! మా నాన్నకి కొత్త పిస్తోలు కొన్నాం, చూస్తావా!"

లైల్ ఒక మూట దించాడు.

"ఓయ్ ఎలుగన్నా! తల నాది, పేగులు నీవి! గొడవొద్దు!"

రెండో మూట ముడి విప్పుతున్నాడు. ముడి బిగుసుకుపోయింది. పళ్ళతో లాగాడు. అది ఊడి వచ్చాక గాని అతనికి తెలియలేదు, కేక ఆగిపోయిందని.

ఊపిరి బిగబట్టి విన్నాడు. గాలి. ఏటి చప్పుడు. కింద పొదల మీదనుంచి కాకులన్నీ ఒక్కసారి లేచాయి.

పిలవాలి. నోరు తెరిచాడు. గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. మళ్ళీ అదే. అదే కొండ, అదే వాసన, అవే పనికిరాని వేళ్ళు. డ్వైట్ కూడా ఇలాగే, ఏదో పాట కూనిరాగం తీస్తూ సగంలో ఆపేశాడు. నెడ్రా ముఖం కళ్ళ ముందుకి వచ్చింది. నా పిల్లని నాకు తెచ్చి అప్పజెప్పు. ఈసారి ఆలస్యం కాకూడదు, అంతే, ఇంక వేరే ఆలోచన లేదు.

పిస్తోలు చేతిలోకి వచ్చేసింది. బర్ల్‌ని అడిగినట్టే వచ్చింది.

అప్పుడు పొదలు కదిలాయి. ఆమె దిగిన వైపు కాదు, కుడి చేతివైపు, దట్టంగా ఉన్నచోట. కొమ్మలు పటపటమన్నాయి. మెల్లగా, బరువుగా, ఆగి ఆగి వస్తోంది. ఆకుల వెనక గోధుమరంగు. వంగిన పెద్ద వీపు. మెడ దగ్గర నల్లటి బొచ్చు.

లైల్ పిస్తోలు ఎత్తాడు. గాజు ఖాళీగా ఉంది.

చుక్క లేదు. మణికట్టు దించాడు, లేదు. ఎత్తాడు, లేదు. గాజులో ఆకులు, బొచ్చు, ఆకాశం ఊగుతున్నాయి, ఎర్రటిది మాత్రం లేదు. అది వస్తోంది. నా బిడ్డని ఏం చేసి వస్తోంది? వేలు ట్రిగ్గరు మీదికి వెళ్ళింది. ఎప్పుడు వెళ్ళిందో అతనికి తెలియదు. ట్రిగ్గరు మొదటి మెత్తదనం దాటి గట్టిపడేచోటు వరకూ వేలు నొక్కేసింది. చుక్క ఒక్కటి దొరికితే చాలు. పొదలోంచి ఆ వీపు పూర్తిగా బయటపడింది. పది అడుగుల దూరం కూడా లేదు.

చుక్క గాజు మూలలో మెరిసి, ఊగి, వచ్చి ఆ వీపు నడిమధ్యన కూర్చుంది.

చుక్క కింద పసుపు దారం ఉంది.

దట్టంగా, వంకర టింకరగా వేసిన కుట్లు. లైల్ వాటినే చూశాడు. అవేమిటో అతనికి తెలుసు గాని, తెలిసినదానికి పేరు దొరకలేదు. అతని వేలు ఇనుములా బిగుసుకుపోయి ఉంది, ముందుకీ పోదు, వెనక్కీ రాదు. ఆ వీపు వెనక్కి వెనక్కి ఇంకో అడుగు వేసింది. నల్లటి బొచ్చు పక్కకి జారింది. అది సంచి మీద చుట్టి కట్టిన దుప్పి తోలు. దాని పక్కనుంచి ఒక జడ వేలాడుతోంది.

"నాన్నా," అంది ఆ జడ గుసగుసగా, వెనక్కి తిరక్కుండానే. "నాన్నా, అక్కడున్నావా? అరవకు. కింద ఉంది. ఆడది, పిల్లతో. తల దగ్గర కూర్చుంది."

లైల్ వేలిని రెండో చేత్తో పట్టుకుని బయటికి తీయాల్సి వచ్చింది.

మారిట్ స్ప్రే డబ్బా రెండు చేతులా ముందుకి పట్టుకుని, దిగువనున్న పొదల మీదనుంచి చూపు తిప్పకుండా, వెనక్కి నడుచుకుంటూ అతని దగ్గరికి వచ్చింది. గోధుమరంగు కోటు మాత్రమే ఉంది. నారింజరంగు చొక్కాయి లేదు.

"నీ చొక్కాయి ఏదే?" అన్నాడు. అంత భయంలోనూ మొదట నోటికొచ్చింది అదే.

"కొమ్ములకి కట్టా. కొమ్ములు మోసుకొస్తుంటే ఎవడైనా దుప్పి అనుకుని కొడతాడని నువ్వే కదా నేర్పావు. కట్టి లేచేసరికి ఎదురుగా ఉంది. చొక్కాయి, తల దానికే వదిలేసి చుట్టూ తిరిగొచ్చా. పద పద, మూటలు వదిలెయ్."

మూటలు వదిలేశారు. పక్కపక్కనే, సగం వెనక్కి తిరిగి, పికప్ దాకా నడిచారు. ఎలుగు వాళ్ళ వెంట రాలేదు. దానికి వాళ్ళతో పనిలేదు, దాని పిల్లకి కడుపునిండా తిండి దొరికింది.

పికప్ తలుపులు వేసుకున్నాక మారిట్ నవ్వడం మొదలుపెట్టింది. భయం దిగిపోతుంటే వచ్చే నవ్వు. కళ్ళల్లో నీళ్ళు కూడా వస్తున్నాయి.

"నాకెంత ధైర్యం వచ్చిందో తెలుసా, నీ పక్కకి వచ్చి చూసేసరికి నువ్వు పిస్తోలు తీసి రెడీగా నిలబడ్డావు. అమ్మకి చెప్తా. ఊళ్ళో అందరికీ చెప్తా. మా నాన్న ఈసారి..." ఆగింది. "అవునూ, నీకు అది కనపడిందా అక్కణ్ణుంచి?"

"ఏది?"

"ఎలుగు."

"లేదు."

"మరి పిస్తోలు ఎందుకు..."

ఆమె ముఖంలోంచి నవ్వు కొంచెం కొంచెంగా పోయింది. ఒళ్ళోకి చూసుకుంది, గోధుమరంగు కోటు. వెనక సీట్లోకి తిరిగి చూసింది, సంచి, దాని మీద తోలు. లైల్ అబద్ధం చెప్పగలడు. కొమ్మలు కదిలాయి, ఊరికే తీశానని చెప్పొచ్చు.

"వేలు ఎక్కడుంది?" అంది మారిట్.

ఆ ఊళ్ళో పిల్లలకి తుపాకీ చేతికివ్వకముందే నేర్పే పాఠం అది. ఎదుటిది ఏమిటో తేలేదాకా వేలు ట్రిగ్గరుకి బయటే ఉండాలి. ఆమెకి ఏడేళ్ళప్పుడు ఖాళీ తుపాకీతో ఆ పాఠం చెప్పింది అతనే. తప్పు చేసినప్పుడల్లా ఇదే ప్రశ్న, ఇదే గొంతుతో అడిగేవాడు.

"లోపల," అన్నాడు లైల్.

"చుక్క?"

"నీ వీపు మీద. ముందే దొరికుంటే కొట్టేసేవాణ్ణే, మారిట్. దొరకలేదు. అంతే. నాకు చుక్క దొరకలేదు."

మారిట్ తలుపు తీసుకుని దిగి, గడ్డిలో చతికిలబడి కడుపులో ఉన్నదంతా కక్కింది. అతను దిగబోతే చెయ్యి అడ్డంగా ఊపింది, రావొద్దని. చాలాసేపటికి మూతి తుడుచుకుని లేచి, అతని వైపు తలుపు దగ్గరికి వచ్చింది.

"జరుగు. నేను నడుపుతా. తూటాలు తీసెయ్."

లైల్ తీశాడు. అరలోది, గొట్టంలోది, అన్నీ తీసి ఆమె అరచేతిలో పోశాడు. ఆమె వాటిని కిటికీలోంచి పారెయ్యలేదు, తిట్టనూలేదు. కోటు జేబులో వేసుకుని బండి తీసింది.

కొండ దిగే దారి గతుకులమయం. లైల్ ఖాళీ పిస్తోలుని మోకాళ్ళ మధ్య, గొట్టం నేలకి పెట్టి పట్టుకున్నాడు. కిందికి చూస్తే గాజులో ఎర్రచుక్క వెలుగుతోంది. గతుకులకి వెలుగుతోందిలే అనుకున్నాడు. తారు రోడ్డు ఎక్కారు, వెలుగుతూనే ఉంది. ఇప్పుడు ఎంత తేలిగ్గా కనపడుతోందో! చూసినప్పుడల్లా గాజు నడిమధ్యన ఉంది. పొద్దుట కసిరినప్పుడు నెడ్రా పెట్టిన ముఖం గుర్తొచ్చింది. పిల్లని తీసుకెళ్ళి అప్పజెప్తున్నాడు. అప్పజెప్పేది తను కాదు, తన చేతగానితనం.

ఇంటి ముందు మారిట్ ఇంజను ఆపేసింది. వరండాలోంచి నెడ్రా, "ఇద్దరూ వచ్చారా?" అని కేకేసింది.

"వచ్చాం అమ్మా. ఇద్దరం," అంది మారిట్.

బండి ఆగిపోయి చాలాసేపయినా చుక్క ఆరలేదు. లైల్ దాన్నే చూస్తున్నాడు. కదలకుండా పెడితే ఆరిపోతుందన్నాడు బర్ల్. మోకాళ్ళు రెండూ దగ్గరగా నొక్కిపట్టాడు. మోచేతులు పక్కటెముకలకి అదిమిపెట్టాడు. చుక్క వణుకుతూ వెలుగుతూనే ఉంది. మారిట్ అతని వైపు తలుపు తీసి, ఆ చేతుల వైపు కాసేపు చూసింది. తరవాత అతని వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి పిస్తోలు తీసుకుంది. దాన్ని పట్టుకెళ్ళి, సాధనప్పుడు ఎలుగు తాడు తిప్పిన ఆ కంచె గుంజ మీద, గొట్టం ఖాళీ పొలం వైపు తిప్పి పెట్టింది.

అతను దిగి వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. ఆమె అతని చెయ్యి పట్టుకోలేదు, దూరం జరగనూలేదు. ఇద్దరూ గాజులోకి చూస్తూ ఉండగా చుక్క ఆరిపోయింది.

"లోపల పెట్టండి దాన్ని, మంచు పడుతుంది!" అంది నెడ్రా వరండాలోంచి.

ముట్టుకుంటే మళ్ళీ వెలుగుతుంది. ఇద్దరిలో ఎవరూ చెయ్యి చాపలేదు.